రాయి, వేరు, జారుడు

మా పెదనాన్న రోడ్ల మీద గీతలు గీస్తాడు. అదీ ఒక ఉద్యోగమేనా అనేవాళ్ళు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటారు. ఉద్యోగమే. ఎదురొచ్చే బస్సు మీ మీదికి రాకుండా బుద్ధిగా పక్కనుంచి పోతోందంటే, మధ్యలో ఎవరో ఒకరు గీత గీశారు కాబట్టే. బాయిలర్లో రంగు కరిగించి, కుతకుతలాడే ఆ ముద్దని తోపుడుబండిలాంటి యంత్రంలో పోసి, సుద్దతాడు గుర్తు వెంబడి తోసుకుంటూ పోతాడు. గీత వేడిగా ఉండగానే వెనక ఒకతను గాజుపొడి చల్లుతాడు, రాత్రిళ్ళు బండి లైట్లకి మెరవడానికి. పనివాళ్ళు ఆయన్ని గీతల మేస్త్రి అంటారు. వంకర గీత కనబడితే ఆయనకు ముద్ద దిగదు. చిన్నప్పుడు నేను పుస్తకంలో మార్జిన్ చేత్తో గీస్తుంటే చూసి, పెన్సిలు లాక్కుని స్కేలు వెతికి తెచ్చిన మనిషి.

ఆయన భార్య మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క. ఊరి చివర కొండ కింద ఉన్న మొక్కల నర్సరీలో ఆమె పని. వాళ్ళు పై వాటాలో, మేము కింద వాటాలో ఉంటాం. ఇద్దరూ పరిగెత్తేవాళ్ళు. ఆయనది రోడ్డు, ఆమెది కొండ. ఇప్పుడు పెద్దమ్మ కొండ ఎక్కదు, పెదనాన్న ఎక్కుతాడు. ఈ తలకిందులు ఎలా జరిగిందో చెప్పబోతే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మంట చల్లారాక ఏడుపూ వస్తుంది.

నేను బస్‌స్టాండులో టికెట్ల కౌంటర్లో కూర్చుంటాను. కళ్ళముందు బస్సు తప్పిపోతున్నా పరిగెత్తే రకం కాదు. పరుగు గురించి నాకు తెలిసిందంతా మా మెట్ల మీద కూర్చుని ఆ ఇద్దరి వాదులాట వింటూ నేర్చుకున్నదే.

పెద్దమ్మకు పరుగు ఎవరూ నేర్పలేదు. నర్సరీకి నీళ్ళిచ్చే బావి కొండకు అవతల ఉంది, మోటారూ అక్కడే. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దానికే తెలియదు. బల్బు వెలగగానే ఎవరో ఒకరు వెళ్ళి మోటారు వేయాలి. రోడ్డున చుట్టూ తిరిగి వెళ్ళేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది. కొండ మీది కాలిబాట దగ్గర దారి. పెద్దమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడే వదిలేసి ఆ బాటన పడి పోయేది. కాలికి బలపం కట్టుకుని పుట్టిందని మా అమ్మ అంటుంది. నర్సరీ వాళ్ళు మేక అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వం, పైకి మాత్రం విసుక్కునేది.

ఆ బాట మీద నర్సరీ వాళ్ళకొక పద్ధతి ఉంది. మొక్కల ట్రేలు మోసుకుంటూ అవతలి మడులకు వరసగా వెళ్తారు. ట్రే పట్టుకున్నవాళ్ళకు తమ పాదాలు తమకు కనబడవు. అందుకని ముందు నడిచే మనిషి ఏదీ మోయకుండా, కనిపించినదాన్ని వెనక్కి చెబుతూ పోవాలి. రాయి. వేరు. జారుడు. తల అంటే పైన కొమ్మ ఉంది, వంగమని. విన్నవాళ్ళు ఊఁ అనాలి. ఊఁ వినబడలేదంటే ముందున్న మనిషి ఆగి వెనక్కి తిరిగి చూడాలి. ఎందుకనలేదో తెలుసుకున్నాకే మళ్ళీ అడుగు వేయాలి. పెద్దమ్మకు ఇది ఎంత అలవాటంటే, మోటారు కోసం ఒంటరిగా పరిగెడుతున్నా రాయి, వేరు అని అనుకుంటూనే పోయేది. ఊఁ కూడా తనే అనుకునేది.

పెదనాన్న పరుగు ఇంకో తరహా. పొద్దున్నే బళ్ళు రాకముందు, నిన్న గీసిన గీత ఎలా ఆరిందో చూసుకోవడానికి వెళ్ళేవాడు. నడిస్తే ఆలస్యమవుతుందని పరుగు మొదలుపెట్టాడు, ఆ తర్వాత అదే వ్యసనమైంది. చేతికి పెద్ద గడియారం, అడుగుకూ ఊపిరికీ ఒక లెక్క. ఊళ్ళో ఏటా జరిగే రోడ్డు పరుగులో పాల్గొనేవాడు. ఆ పరుగుకు మొదలు గీత, చివరి గీత కూడా ఆయనే వేసేవాడు. అంటే తను గీసిన గీత మీంచి బయల్దేరి తను గీసిన గీత దగ్గరికే వచ్చేవాడన్నమాట. "ఇంత మాత్రానికి అంత దూరం వెళ్ళడమెందుకు, అక్కడే కూర్చుంటే సరిపోయేదిగా" అని నేనంటే, "నీకు తెలీదులే" అని నవ్వేవాడు.

కొన్నేళ్ళకు ఆయన తుంటి పట్టేసింది. రోడ్డు చూడ్డానికి సమంగా ఉంటుంది కానీ మధ్యలో ఎత్తు, అంచుకు వాలు, వాననీళ్ళు పోవడానికి. ఎప్పుడూ ఒకే అంచున పరిగెత్తేసరికి ఒక కాలు పొట్టిదైనట్టు నడవడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ మెట్ల మీద నిలబడి కాసేపు చూసింది.

"మీరు ఒక పక్కకి వాలిపోయారండి. రేపు నాతో కొండకి రండి."

"కొండ మీద ఏం ఉంటుంది, రాళ్ళు తప్ప."

"ఆ రాళ్ళ కోసమే. ఏ అడుగూ ఇంకో అడుగులా పడదు. కాలికి అన్ని పక్కలా పని ఉంటుంది."

అలా ఒప్పందం కుదిరింది. ఒక రోజు ఆయన రోడ్డు, ఒక రోజు ఆమె కొండ, ఇద్దరూ రెండింటికీ రావాలి. మొదటి రోజు కొండ నుంచి వచ్చినప్పుడు పెదనాన్నను చూసి మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మోకాళ్ళు దోక్కుపోయాయి, గడియారం అద్దం పగిలింది, నెత్తిన ఎండుటాకులు. గీత లేని చోట కాలెక్కడ వెయ్యాలో తెలియని మనిషి మరి. "దూరపు కొండలు నునుపని ఊరికే అన్లేదు" అన్నాడు మెట్లమీద కూలబడి. పెద్దమ్మ నవ్వుతూ వేడినీళ్ళు తెచ్చింది.

కానీ మానలేదు. మొండితనంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. కొండ మీద పెద్దమ్మ ముందు, ఆయన వెనక. ఆమె రాయి అంటే ఊఁ, వేరు అంటే ఊఁ. దిగేటప్పుడు అడుగులు చిన్నవి చేయడం, మడమ మీద కాకుండా మునివేళ్ళ మీద వాలడం, కింద కాకుండా కాస్త ముందుకు చూడటం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. కొన్ని నెలలకు తుంటి నొప్పి ఎటు పోయిందో పోయింది. ఆ ఏడు రోడ్డు పరుగులో ఎన్నడూ రానంత ముందుగా వచ్చాడు. "షూ మంచివి పడ్డాయి" అన్నాడు అందరితో. నేను పెద్దమ్మ వైపు చూశాను. "పోనీలేవే" అన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది. నాకు అప్పుడే అడగాలనిపించింది, షూ ఏమైనా నిన్ను చెయ్యి పట్టుకుని కొండెక్కించాయా అని.

రోడ్డు రోజుల్లో ఆయన ముందు, ఆమె వెనక. పెద్దమ్మ నోరు ఊరికే ఉండేది కాదు. కొత్తగా తెరిచిన షాపు బోర్డో, ఎవరింటి గోడ మీదో కాసిన తీగో, ఏదో ఒకటి చెప్పబోయేది. ఆయన వెనక్కి తిరక్కుండానే చెయ్యి పైకెత్తేవాడు. ఆగు, తర్వాత అని దానర్థం. ఇంటికొచ్చాక నెమ్మదిగానే చెప్పేవాడు.

"రోడ్డు మీద మాట్లాడకే. నాకు లెక్క తప్పుతుంది. రోడ్డు మీద చూసుకోడానికి ఏముంది, రాయా వేరా. నోరు మూసుకుని ఊపిరి దాచుకోవాలి."

"సరే లెండి" అనేది. ఆమెకు అందులో తప్పేమీ కనబడలేదు. నాకు కనబడింది, కానీ మొగుడూ పెళ్ళాల మధ్య నేనెవర్ని.

తర్వాతి ఏడు ఊరి పరుగులో జంట పరుగని కొత్తది పెట్టారు. ఇద్దరూ కలిసి గీత దాటాలి, వెనకబడ్డవాళ్ళ సమయమే జంట సమయం. పెదనాన్న ఆ పోస్టరు చూసిన రోజు పై వాటాలో ఆయన అడుగుల చప్పుడు ఆగలేదు. అంతకాలం ఆయన ఒక్కడే ఆ గీత దాటాడు. పెద్దమ్మతో కలిసి దాటాలని, ఆ ఫొటో తమ షెడ్డులో బాయిలరు పక్కన గోడకి పెట్టుకోవాలని ఆయనకు ఆశ పుట్టింది. చెడ్డ ఆశ కాదు. అది ఆమె మీద ప్రేమేనని ఇప్పటికీ నమ్ముతాను. నాకు ఒళ్ళు మండేది ఆ ప్రేమ చూపించిన తీరు మీద.

కొండ రోజులన్నీ తీసేశాడు. రోజూ రోడ్డే. ఆమె కొండషూ పక్కన పెట్టించి మెత్తటి రోడ్డుషూ కొన్నాడు. పొట్టి పొట్టి అడుగులు వేసే మనిషిని తన బారు అడుగులకు తిప్పుకున్నాడు. పెద్దమ్మ ఒక్కసారి అడగడం నేను విన్నాను.

"వారానికి ఒక్కరోజైనా కొండకి పోదామండీ. కాళ్ళు బిగుసుకుపోతున్నాయి."

"కొండ ఎక్కడికీ పోదు. పరుగయ్యాక రోజూ పోదాం."

అన్నేళ్ళు మట్టి మీద తిరిగిన కాళ్ళవి. తుంటి పట్టేసిన మనిషికి కొండను కొద్దికొద్దిగా రుచి చూపించి బాగుచేసింది ఆవిడ. ఆవిడ కాళ్ళకు రోడ్డును మాత్రం ఈయన ఒక్కసారిగా కుమ్మరించాడు. ఒకటీ అరా రోజులు కలుపుకుంటూ పోతే రెండూ మందే, ఆ సంగతి తన ఒంటి మీదే రుజువైంది. అయినా ఆయన దాన్ని షూ ఖాతాలో వేసుకున్నాడు కాబట్టి గుర్తుకు రాలేదు.

పెద్దమ్మ మెట్లు పక్కకి తిరిగి దిగడం మొదలుపెట్టింది. సాయంత్రాలు తడిగుడ్డ ముంగాలికి చుట్టుకుని కూర్చునేది. పెదనాన్న అడుగుల చప్పుడు వినబడగానే విప్పి దాచేసేది. మా అమ్మ నిలదీసింది.

"ఏమైంది ఆ కాలికి?"

"రోడ్డు కొత్త కదే, కాస్త లాగుతోంది."

"బావకి చెప్పావా?"

"చెబితే మానేద్దాం అంటాడు. పాపం ఎంత ఆశ పెట్టుకున్నాడో చూశావుగా."

"పరిగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని పెద్దలు ఊరికే అన్నారా. ఆయన గీసిన గీత దాటవు కదా నువ్వు" అని మా అమ్మ గొణుక్కుంటూ లోపలికి పోయింది. పెద్దమ్మ నవ్వింది, "ఈ ఒక్క గీతా దాటితే అయిపోతుంది లేవే" అని.

ఆ రోజు నేను మునిసిపల్ ఆఫీసు ముందు చివరి గీత దగ్గరే నిలబడ్డాను. ముందురోజు పెదనాన్న దాన్ని మామూలుకంటే వెడల్పుగా వేసి, గాజుపొడి రెండుసార్లు చల్లించాడు. ఎండలో తళతళలాడుతోంది. జంటలు వస్తున్నాయి, ఫొటోవాళ్ళు కుర్చీలెక్కి ఉన్నారు. మలుపు తిరిగి వీళ్ళిద్దరూ కనబడ్డారు. ఆయన ముందు, ఆమె రెండడుగులు వెనక. మంచినీళ్ళ బల్ల దగ్గర జనం పారేసిన ఖాళీ సీసాలు అడుగుల కింద పటపటలాడుతున్నాయి.

పెద్దమ్మ నోరు తెరవడం నేను చూశాను. "ఏమండీ" అంది. అంత గోలలో నాకు మాట వినబడలేదు, పెదవులు కనబడ్డాయి. ఆయనకు వినబడింది. ఆ సంగతి ఆయనే తర్వాత చెప్పాడు. ఆయన వెనక్కి తిరక్కుండా చెయ్యి పైకెత్తాడు.

సీసాల చప్పుళ్ళలో ఇంకో చప్పుడు కలిసిపోయింది. ఎముక విరిగిన చప్పుడు ఎండుపుల్ల విరిగినట్టు ఉంటుందని పెద్దమ్మ తర్వాత చెబితేనే నాకు తెలిసింది. పెదనాన్న గీత దాటాడు. దాటి, నవ్వుతూ పక్కకు చెయ్యి చాపాడు, పెద్దమ్మ చెయ్యి అందుకోవడానికి. పక్కన ఎవరూ లేరు. అప్పుడు తిరిగి చూశాడు. పెద్దమ్మ రోడ్డు అంచున, ఆయన గీసిన తెల్లగీత మీదే కూర్చుని, రెండు చేతులతో కాలు పట్టుకుని ఉంది. అరవలేదు, ఏడవలేదు. జంటలు ఆమెను తప్పించుకుని పోతూనే ఉన్నాయి. ఫొటోవాళ్ళలో ఒకడు పెదనాన్న ఒంటరిగా చెయ్యి చాపి నిలబడ్డ ఫొటో తీశాడు. అది మాకు చేరింది. మా అమ్మ చించి పారేసింది.

కాలి ఎముక ముందే సన్నగా బీటలిచ్చిందని, చాలా రోజులుగా నొప్పి పెడుతూ ఉండాలని డాక్టరు చెప్పాడు. లోపల కడ్డీ వేశారు. మంచం పక్క స్టూలు మీద పెదనాన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులనే చూసుకుంటూ అడిగాడు.

"ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదే నాతో."

"మీరు లెక్క పెట్టుకుంటున్నారు కదండీ" అంది పెద్దమ్మ. దెప్పిపొడుపు కాదు. నిజంగా అదే కారణమన్నట్టు అంది. దెప్పినా బావుండేది. ఆయన లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. నేను ఆయన వెనకాల వెళ్ళలేదు. వెళ్ళాలనిపించలేదు.

ఎముక అతికింది. కానీ చీలమండ బిగుసుకుపోయింది, ఎంత మర్దన చేసినా తిరిగి వదులవలేదు. సమంగా ఉన్న నేల మీద నడవొచ్చు, ఎత్తుపల్లాలు వద్దు, రాళ్ళ మీద అసలే వద్దు అన్నాడు డాక్టరు. అంటే ఇంక ఆమెకు మిగిలింది రోడ్డు. నర్సరీలో గేటు దగ్గర కుర్చీ వేసి, మొక్కలు అమ్మే పని ఇచ్చారు. కరెంటు వచ్చి బల్బు వెలిగినప్పుడల్లా కుర్చీలోంచి సగం లేస్తుందట, మళ్ళీ కూర్చుంటుందట. అక్కడివాళ్ళు ఇప్పుడు మేక అని పిలవరు.

మా అమ్మ చాన్నాళ్ళు పెదనాన్నతో మాట్లాడలేదు. "మీ పెదనాన్నకి చెప్పు, గ్యాసు బండ వచ్చిందని" అని ఆయన ఎదురుగా ఉండగానే నాతో అనేది. ఆయన తల దించుకుని బండ మోసుకుపోయేవాడు. పోటీలు మానేశాడు. గడియారం తీసేశాడు. ఏటా గీతలు మాత్రం వేయక తప్పదు కదా, అది ఉద్యోగం. వేసి, పరుగు మొదలవకముందే వచ్చేస్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కొండ ఎక్కడం మొదలుపెట్టాడు. రోజూ పొద్దున్నే, ఒక్కడే.

ఆయనకు మతి చలించిందేమో చూడమని నర్సరీ వాళ్ళు నాకు కబురు పంపారు. బాట మీద తనలో తను మాట్లాడుకుంటూ, అడుగడుక్కీ ఆగి వెనక్కి చూస్తున్నాడట. ఒక సెలవు రోజు నేను కూడా వస్తానన్నాను. నన్ను ఎగాదిగా చూశాడు కానీ వద్దనలేదు. నా కోసం పరుగు మాని నడిచాడు. బాట మొదట్లోనే "రాయి" అన్నాడు. నేను ఆయాసపడుతూ చూసి దాటాను. ఆయన ఆగిపోయాడు. వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. మళ్ళీ కదిలాడు. "వేరు" అన్నాడు, మళ్ళీ ఆగి చూశాడు. అప్పటికి నా మట్టిబుర్రకు తట్టింది. తర్వాతి రాయి దగ్గర నేను ఊఁ అన్నాను. ఆయన భుజాలు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. ఇంకో నాలుగడుగులు వేశాడు.

"నువ్వు అనక్కర్లేదులేమ్మా" అన్నాడు చివరికి, తిరక్కుండానే.

ఆ బాట ఎంత చిన్నదో నాకు తెలుసు. పెద్దమ్మ మోటారు వేసి, మళ్ళీ వచ్చి, విత్తనాల మడి తడపడం కూడా అయ్యే సమయంలో మేము సగం దూరం కూడా పోలేదు. ఊఁ వినబడని ప్రతిచోటా ఆగి వెనక్కి చూస్తే అంతే మరి. ఆ రోజు ఆ రోడ్డు మీద ఒక్కసారి ఇలా చూసి ఉంటే అనుకున్నాను. ఆయనతో మాత్రం అనలేదు. ఆయన అనుకోని రోజు ఉండి ఉంటుందా.

సాయంత్రాలు ఇద్దరూ రోడ్డు మీద నడుస్తారు. మునిసిపల్ ఆఫీసు వైపు కాదు, రెండోవైపు. మొన్న నేను డ్యూటీ దిగి వస్తుంటే ముందు వాళ్ళు కనబడ్డారు. ఆయన ఒకడుగు ముందు, పెద్దమ్మ కర్ర ఊతంతో వెనక. కొత్త షాపులు వచ్చాయి, ఒకరి గోడ నిండా తీగ పూసింది. ఆమె వాటిని చూస్తోంది, చూసి ఊరుకుంటోంది. ఒకప్పుడు ఆమె నోరు మూయించడానికి చెయ్యి ఎత్తాల్సి వచ్చేది.

"ఏదైనా చెప్పు" అన్నాడు పెదనాన్న.

"ఏముందండీ."

కాస్త దూరం నడిచారు. రోడ్డు మీద ఎవరో తవ్వి సరిగా పూడ్చని చోటు వచ్చింది. చిన్నదే.

"గతుకు" అన్నాడు ఆయన.

పెద్దమ్మ కర్ర చూసి వేసి దాటింది. ఆయన ఆగాడు. వెనక్కి తిరిగి ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపటికీ కదలడు. వెనకాల సైకిలతను గంట కొట్టి పక్కనుంచి పోయాడు.

"ఏంటండీ ఆగిపోయారు?"

"ఊఁ అన్లేదేం?"

పెద్దమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చాలా మెల్లగా, చిన్నపిల్లాడికి నచ్చజెప్పినట్టు చెప్పింది.

"అది కొండ మీద కదండీ. రోడ్డు మీద మాట్లాడకూడదుగా."